రెండు సర్వర్ల క్లస్టర్‌లో స్టోరేజ్ ఫెయిలోవర్: డిస్కు చేతులు మారేదాకా ఏం జరుగుతుంది, ఎలా సెటప్ చేయాలి

రెండు సర్వర్లు పెట్టుకుంటాం, ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుంది, దాన్నే ఫెయిలోవర్ అంటారు. చెప్పడానికి ఇంతే. ఐపీ అడ్రస్ ఇటు నుంచి అటు మార్చడం సెకను పని, అప్లికేషన్‌ని రెండోవైపు స్టార్ట్ చేయడం కూడా పెద్ద విషయం కాదు. తంటా అంతా డేటా దగ్గరే. ఐపీ పొరపాటున రెండుచోట్లా లేచినా కాసేపు గందరగోళంతో పోతుంది, అదే ఒకే ఫైల్‌సిస్టమ్‌లో రెండు మెషీన్లు ఒకదానికి తెలియకుండా ఒకటి రాశాయంటే బ్యాకప్ వెతుక్కోవడం తప్ప చేసేదేమీ ఉండదు. డిస్కుని తీసుకోవడం రెండో సర్వర్‌కి తేలికే. మొదటి సర్వర్ ఇక ఒక్క బైట్ కూడా రాయదని దానికి గట్టిగా తెలియడమే కష్టం, కింద చెప్పేదాంట్లో సగానికి పైగా ఆ ఒక్క విషయం కోసమే.

ఇక్కడ తీసుకుంటున్న సెటప్ లినక్స్ మీద పేస్‌మేకర్ (ఏ సర్వీస్ ఎక్కడ నడవాలో తేల్చేది), కోరోసింక్ (సర్వర్లు ఒకదాన్నొకటి గమనించుకునేది), డీఆర్‌బీడీ (డిస్కుని అవతలికి కాపీ చేసేది). పైన నడిచేది ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అనుకుందాం. మీరు వాడేది విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్ అయినా, నెట్‌యాప్ లాంటి రెండు కంట్రోలర్ల స్టోరేజ్ బాక్స్ అయినా పేర్లు మారతాయి గానీ లోపల జరిగే తతంగం ఇదే.

ముందు: డిస్కు ఒకటా, రెండా?

రెండు దారులున్నాయి. ఒకటి షేర్డ్ స్టోరేజ్: డిస్కులు ఎక్కడో శాన్‌లో (సర్వర్లకి బయట, నెట్‌వర్క్ మీద ఉండే స్టోరేజ్‌లో) ఉంటాయి, రెండు సర్వర్లూ ఫైబర్ ఛానెల్ మీదో ఐస్కజీ మీదో ఒకే లన్‌ని (శాన్ చూపించే డిస్కుని) చూస్తుంటాయి. ఫెయిలోవర్ అంటే డేటా కదలడం కాదు, ఎవరికి రాసే హక్కు ఉందన్నది మారడం. రెండోది రెప్లికేషన్: ఏ సర్వర్ డిస్కు దానిదే, ఒకదాంట్లో రాసిన ప్రతి బ్లాకూ నెట్‌వర్క్ మీద రెండోదానికి కాపీ అవుతుంది. డీఆర్‌బీడీ చేసేది ఇదే. విండోస్‌లో స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్ కూడా ఈ కోవలోదే.

షేర్డ్ స్టోరేజ్‌లో డేటా ఒకటే కాబట్టి "ఎవరి కాపీ కొత్తది" అన్న గొడవ రాదు, కానీ ఆ శాన్ బాక్స్ పోతే రెండు సర్వర్లూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. రెప్లికేషన్‌లో ఆ ఇబ్బంది లేదు గానీ రెండు కాపీలూ రెండు దార్లు పట్టే ప్రమాదం ఉంది. శాన్ ముందే ఉంటే అదే వాడండి. లేకపోతే కేవలం ఈ పని కోసం కొనక్కర్లేదు, లోకల్ డిస్కులు, డీఆర్‌బీడీ చాలు.

నెట్‌యాప్‌లో చిన్న విశేషం ఉంది. అక్కడ డిస్కులు రెండు కంట్రోలర్లకూ కనెక్ట్ అయి ఉంటాయి, కానీ ఇంకా డిస్కుదాకా చేరని రైట్స్ ఎన్‌వీర్యామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) ఉంటాయి కదా, వాటిని ప్రతి కంట్రోలర్ పక్కదానికి ఎప్పటికప్పుడు మిర్రర్ చేస్తుంటుంది. ఒకటి పడిపోతే రెండోది ఆ డిస్కులనీ, ఆ మిర్రర్‌నీ తీసుకుని మిగిలిపోయిన రైట్స్ పూర్తి చేస్తుంది. దాన్నే టేకోవర్ అంటారు, తిరిగి అప్పగించడాన్ని గివ్‌బ్యాక్ అంటారు. అంటే షేర్డ్, రెప్లికేషన్ రెండూ కలిపి వాడుతున్నారన్నమాట.

డీఆర్‌బీడీ సిద్ధం చేయడం

రెండు సర్వర్లలోనూ ఒకే సైజు ఎల్‌వీఎమ్ వాల్యూమ్ (లినక్స్‌లో సైజు మార్చుకోగల డిస్కు భాగం) తయారు చేసుకోండి. నేరుగా పార్టిషన్ ఇచ్చినా నడుస్తుంది, కానీ ఎల్‌వీఎమ్ ఉంటే తర్వాత పెంచుకోవచ్చు, స్నాప్‌షాట్ తీసుకోవచ్చు. డీఆర్‌బీడీ తన మెటాడేటాని ఆ డివైస్ చివర్లో పెట్టుకుంటుంది. ప్రతి 4 కేబీ డేటాకి ఒక బిట్ చొప్పున, ఏది మారిందో గుర్తుపెట్టుకునే బిట్‌మ్యాప్ ఉంటుంది కాబట్టి 1 టీబీకి దాదాపు 32 ఎంబీ, పెద్ద ఖర్చేమీ కాదు. కాకపోతే ఇప్పటికే ఫైల్‌సిస్టమ్ ఉన్న డిస్కు మీద మెటాడేటా క్రియేట్ చేస్తే చివరి భాగం తుడుచుకుపోతుంది. అలాంటప్పుడు ముందు ఫైల్‌సిస్టమ్‌ని కుదించండి, లేదా వాల్యూమ్‌ని కొంచెం పెంచండి, లేదా మెటాడేటాని వేరే డివైస్‌లో పెట్టండి.

కాన్ఫిగరేషన్ ఫైల్‌లో మొదట చూసుకోవాల్సింది ప్రోటోకాల్. 'సి' పెట్టండి. 'ఎ'లో లోకల్ డిస్కు మీద రాసి, ప్యాకెట్‌ని పంపే బఫర్‌లో పడేస్తే చాలు, రైట్ అయిపోయిందని అప్లికేషన్‌కి చెప్పేస్తుంది. 'బి'లో అవతలి సర్వర్ మెమరీదాకా చేరాలి. 'సి'లో అవతలి డిస్కు మీద కూడా రాసేదాకా "అయింది" అన్న మాట రాదు. డేటాబేస్ కమిట్ అయిందని యూజర్‌కి చెప్పిన మరుక్షణం మొదటి సర్వర్ పేలిపోయినా ఆ కమిట్ రెండో సర్వర్‌లో ఉండాలంటే 'సి' ఒక్కటే దారి. దానికి బదులుగా ప్రతి రైట్‌కీ నెట్‌వర్క్ రానుపోను సమయం కలుస్తుంది. అందుకే రెండు సర్వర్ల మధ్య రెప్లికేషన్ కోసం విడిగా కేబుల్ వేయండి, వీలైతే 10 గిగాబిట్, స్విచ్ కూడా లేకుండా నేరుగా కార్డు నుంచి కార్డుకి.

తర్వాత రెండువైపులా మెటాడేటా క్రియేట్ చేసి, రిసోర్స్‌ని 'అప్' చేయండి. స్టేటస్ చూస్తే రెండువైపులా సెకండరీ, ఇన్‌కన్సిస్టెంట్ అని కనిపిస్తుంది (రాసే హక్కు ఉన్నది ప్రైమరీ, కాపీ మాత్రం ఉంచుకునేది సెకండరీ). కంగారు పడకండి, ఎవరి డేటా అసలుదో దానికి ఇంకా మీరు చెప్పలేదు. ఒక్కవైపు మాత్రమే ఫోర్స్ ఆప్షన్‌తో ప్రైమరీ చేయండి, అక్కడి నుంచి అవతలికి పూర్తి సింక్ మొదలవుతుంది. గిగాబిట్ లింక్ మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది కాబట్టి 1 టీబీకి రెండున్నర మూడు గంటలు వేసుకోండి. డేటా ఉన్న డిస్కు ఏదో ఈ కమాండ్ కొట్టేముందు ఇంకోసారి చూసుకోండి, ఖాళీ డిస్కు వైపు నుంచి ఫోర్స్ కొడితే అది ఖాళీతనాన్నే అటు కాపీ చేస్తుంది.

సింక్ నడుస్తుండగానే ప్రైమరీ వైపు ఎక్స్‌ఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ట్4 గానీ ఫార్మాట్ చేసుకోవచ్చు, ఆగాల్సిన పని లేదు. ఫార్మాట్ చేయాల్సింది డీఆర్‌బీడీ డివైస్‌ని, కింద ఉన్న ఎల్‌వీఎమ్ వాల్యూమ్‌ని కాదు. కింద నుంచి నేరుగా ముట్టుకుంటే ఆ మార్పు అవతలికి చేరదు. ఇంకో మాట, ఈ మౌంట్‌ని ఎఫ్‌స్ట్యాబ్‌లో పెట్టకండి, పోస్ట్‌గ్రెస్ సర్వీస్‌ని సిస్టమ్‌డీలో డిసేబుల్ చేయండి. ఏది ఎప్పుడు ఎక్కడ లేవాలో ఇక క్లస్టర్ చెప్పాలి, బూట్ చెప్పకూడదు.

ప్రైమరీలో డిస్కు ఒక్కటే పాడైతే ఫెయిలోవర్ అవసరమే లేదు, చాలామంది ఈ సంగతి గమనించరు. ఐఓ ఎర్రర్ వస్తే 'డిటాచ్' చేయమని సెట్టింగ్‌లో పెడితే డీఆర్‌బీడీ ఆ డిస్కుని వదిలేసి, చదవడం రాయడం అంతా నెట్‌వర్క్ మీద అవతలి డిస్కు నుంచే చేస్తుంది. అప్లికేషన్‌కి తెలియను కూడా తెలియదు. తీరిగ్గా సాయంత్రం సర్వీస్‌ని అటు మార్చుకుని డిస్కు మార్చుకోవచ్చు.

కోరోసింక్, రెండు ఓట్ల చిక్కు

కోరోసింక్ పని రెండు నోడ్ల (క్లస్టర్‌లోని సర్వర్ల) మధ్య పలకరింపు, అంటే హార్ట్‌బీట్. "ఉన్నావా" అంటే "ఉన్నా" అనే టోకెన్ తిరుగుతుంటుంది. అది నిర్ణీత సమయంలో రాకపోతే అవతలి నోడ్ పోయిందని ప్రకటిస్తుంది. కొత్త వెర్షన్లలో ఈ సమయం డిఫాల్ట్‌గా 3 సెకన్లు, పాతవాటిలో 1 సెకను. దీన్ని తగ్గించి ఫెయిలోవర్ వేగం పెంచేద్దామని సరదా పడకండి, బ్యాకప్ నడిచే రాత్రి ఎప్పుడో నెట్‌వర్క్ ఒక్క క్షణం నత్తనడక నడిస్తే చాలు, బతికున్న సర్వర్‌ని చంపేసి కూర్చుంటుంది. హార్ట్‌బీట్‌కి కనీసం రెండు వేర్వేరు దారులు ఇవ్వండి: ఒకటి ఆ డైరెక్ట్ కేబుల్, ఇంకోటి మామూలు లాన్. కోరోసింక్ 3లో 8 లింక్‌ల దాకా పెట్టుకోవచ్చు, రెండు చాలు.

ఇక కోరమ్, అంటే సర్వీస్ నడపడానికి కావాల్సినన్ని ఓట్లు ఉండటం. మూడు నోడ్లుంటే ఇద్దరు ఒకవైపు ఉన్నవాళ్ళే మెజారిటీ, మిగిలిన ఒక్కడు తప్పుకుంటాడు. రెండు నోడ్లలో లింక్ తెగితే ఇటు ఒకటి, అటు ఒకటి, మెజారిటీ ఎవరికీ లేదు. అందుకని కోరోసింక్‌లో 'టూ నోడ్' అనే సెట్టింగ్ ఉంది. దాన్ని 1 చేస్తే ఒక్క ఓటు ఉన్నా కోరమ్ ఉన్నట్టే లెక్క. అంటే లింక్ తెగిన రోజున ఇద్దరూ తమకే కోరమ్ ఉందనుకుంటారు. వినడానికే భయంగా ఉంది కదా, ఉండాలి కూడా. కోరమ్ చేయాల్సిన పనిని ఇక్కడ పూర్తిగా ఫెన్సింగ్ (అవతలి నోడ్‌ని బలవంతంగా ఆపేయడం, కింద వస్తుంది) మీదకి నెట్టేశాం.

'టూ నోడ్' పెడితే దానితోపాటే 'వెయిట్ ఫర్ ఆల్' కూడా ఆన్ అవుతుంది. అంటే రెండు నోడ్లూ ఆఫ్ అయి మొదటిసారి లేస్తున్నప్పుడు ఒకదాన్నొకటి చూసుకునేదాకా ఏ సర్వీసూ స్టార్ట్ కాదు. దీన్ని విసుగొచ్చి ఆఫ్ చేసేవాళ్ళుంటారు, చేయకండి. ఇది లేకపోతే లింక్ తెగి ఉన్నప్పుడు చచ్చిన నోడ్ రీబూట్ అయి, అవతలివాడు కనిపించట్లేదని వాణ్ని కాల్చి, వాడు లేచి వీణ్ని కాల్చి, ఇలా రాత్రంతా నడుస్తుంది.

మూడో చిన్న మెషీన్ ఎక్కడైనా దొరికితే ఇదంతా చాలా తేలికవుతుంది. డేటా అక్కర్లేదు, ఒక బుల్లి వర్చువల్ మెషీన్ అయినా సరే, కాకపోతే అది ఈ రెండు సర్వర్ల మీద నడవకూడదు. దాంట్లో క్యూనెట్‌డీ పెట్టి, రెండు నోడ్లలో క్యూడివైస్ పెడితే మూడో ఓటు వచ్చేస్తుంది. అప్పుడు 'టూ నోడ్' సెట్టింగ్ తీసేయాలి. విండోస్‌లో విట్‌నెస్ అనేది ఇదే పని చేస్తుంది, అది డిస్కు కావచ్చు, ఫైల్ షేర్ కావచ్చు, క్లౌడ్‌లో కావచ్చు.

ఫెన్సింగ్: ఇది లేకుండా మిగతాది వద్దు

నోడ్ 2కి నోడ్ 1 నుంచి జవాబు రావట్లేదు. ఎందుకు? కరెంటు పోయి ఉండొచ్చు. కర్నెల్ ప్యానిక్ అయి ఉండొచ్చు. లేదా నోడ్ 1 నిక్షేపంలా ఉండి మధ్యలో కేబుల్ ఊడి ఉండొచ్చు. ఇంకా ఘోరం, నోడ్ 1 కాసేపు బిగుసుకుపోయి అరనిమిషం తర్వాత ఏమీ జరగనట్టు లేచి, మధ్యలో ఆగిన రైట్స్ పూర్తి చేయొచ్చు. నోడ్ 2 వైపు నుంచి చూస్తే ఈ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. కనుక్కునే మార్గం లేదు కాబట్టి క్లస్టర్ ఊహించదు, నోడ్ 1ని చంపేసి ఖాయం చేసుకుంటుంది. దాన్నే ఫెన్సింగ్ అంటారు, పేస్‌మేకర్‌లో స్టోనిత్.

ఇంటర్నెట్‌లో సగం ట్యుటోరియల్స్ "స్టోనిత్ ఎనేబుల్డ్‌ని ఫాల్స్ చేయండి" అనే లైన్‌తో మొదలవుతాయి, ఎందుకంటే అది ఆన్‌లో ఉండి ఫెన్స్ డివైస్ లేకపోతే పేస్‌మేకర్ ఒక్క రిసోర్స్‌ని (తను నడిపే సర్వీస్, ఐపీ, మౌంట్ లాంటిదాన్ని) కూడా స్టార్ట్ చేయదు. డెమోకి సరే. డేటా ఉన్న చోట ఆ లైన్ పెడితే మీది హై అవైలబిలిటీ క్లస్టర్ కాదు, డేటాని పాడుచేయడానికి సిద్ధంగా ఉన్న ఆటోమేషన్. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, ఫెన్సింగ్ లేకపోతే ఏదో ఒక రోజు రెండు ప్రైమరీలు తయారవుతాయి.

మామూలుగా అందుబాటులో ఉండేది సర్వర్ మదర్‌బోర్డు మీది మేనేజ్‌మెంట్ చిప్: ఐడ్రాక్, ఐలో, ఏదైనా ఐపీఎంఐ. నోడ్ 2 ఆ చిప్‌కి లాగిన్ అయి "కరెంటు ఆపు" అంటుంది, ఆగిందని జవాబు వచ్చాకే ముందుకి కదులుతుంది. ఇక్కడ జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి.

పవర్ ఆపమంటే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని పవర్ బటన్ నొక్కినట్టు అర్థం చేసుకుని మర్యాదగా షట్‌డౌన్ మొదలుపెట్టొచ్చు. అలా జరిగితే చావాల్సిన నోడ్ ఇంకా కాసేపు రాస్తూ ఉంటుంది, ఫెన్సింగ్ కూడా ఆలస్యమవుతుంది. సిస్టమ్‌డీ లాగిన్‌డీ కాన్ఫిగరేషన్‌లో పవర్ కీని 'ఇగ్నోర్' చేయండి.

ఐపీఎంఐ చిప్ కూడా అదే సర్వర్ పవర్ సప్లై మీదే బతుకుతుంది. పవర్ కేబుల్ ఊడిపోతే సర్వర్‌తోపాటు చిప్ కూడా పోతుంది, నోడ్ 2 ఎన్నిసార్లు అడిగినా జవాబు రాదు, జవాబు రాలేదు కాబట్టి ఫెన్సింగ్ ఫెయిల్, ఫెయిల్ కాబట్టి టేకోవర్ లేదు. అవతలి సర్వర్ కళ్ళ ముందే ఆరిపోయి ఉంటే ఇవతలిది కదలకుండా కూర్చోవడం చూసి జుట్టు పీక్కుంటారు, కానీ అది చేస్తున్నది సరైన పనే. దీనికి మందు: రెండు పవర్ సప్లైలు రెండు వేర్వేరు లైన్ల మీద, ఇంకా వీలైతే నెట్‌వర్క్ నుంచి స్విచ్ చేయగల పీడీయూని (సర్వర్లకి కరెంటు పంచే బోర్డుని) రెండో లెవెల్ ఫెన్స్‌గా పెట్టడం. పేస్‌మేకర్‌లో దీన్ని ఫెన్సింగ్ టోపాలజీ అంటారు, మొదటి లెవెల్ ఫెయిలైతే రెండోది ప్రయత్నిస్తుంది. సర్వర్‌కి రెండు సప్లైలు ఉంటే పీడీయూలో రెండు అవుట్‌లెట్లూ ఆపాలని మర్చిపోకండి, ఒకటే ఆపితే సర్వర్ హాయిగా నడుస్తూనే ఉంటుంది, క్లస్టర్ మాత్రం చంపేశాననుకుంటుంది.

చేత్తో "ఆ నోడ్ చచ్చింది, నాది పూచీ" అని చెప్పే స్టోనిత్ కన్‌ఫర్మ్ కమాండ్ కూడా ఉంది. సర్వర్ ముందు ఎవరో నిలబడి లైట్లు ఆరిపోయాయని ఫోన్‌లో చెప్పాకే వాడండి. పింగ్ రావట్లేదు కాబట్టి చచ్చిందనుకుని కొట్టారంటే ఫెన్సింగ్ లేనట్టే.

ఐపీఎంఐ పోర్ట్‌నీ, హార్ట్‌బీట్‌నీ ఒకే స్విచ్‌కి తగిలించొద్దు. ఆ స్విచ్ పోయిన రోజున ఒకరికొకరు కనిపించరు, ఒకర్నొకరు కాల్చనూలేరు.

లింక్ మాత్రమే తెగినప్పుడు ఇద్దరూ ఒకేసారి తుపాకీ తీస్తారు, కొన్నిసార్లు ఇద్దరూ పోతారు. దీన్ని తప్పించడానికి ఒకరికి ఆలస్యం పెట్టాలి. నోడ్ 1ని ఆపే ఫెన్స్ డివైస్‌కి 10 సెకన్ల డిలే పెడితే నోడ్ 2 కాల్చడానికి 10 సెకన్లు ఆగుతుంది, ఈలోగా నోడ్ 1 దాన్ని ఆపేస్తుంది. చిక్కేమిటంటే ఇలా పెడితే ఎప్పుడూ నోడ్ 1దే గెలుపు, డేటాబేస్ నోడ్ 2 మీద నడుస్తున్నా సరే. పేస్‌మేకర్ 2.0.4 నుంచి 'ప్రయారిటీ ఫెన్సింగ్ డిలే' వచ్చింది, రిసోర్సులకి ప్రయారిటీ ఇచ్చి దీన్ని పెడితే బరువు మోస్తున్న నోడ్‌కే మొగ్గు ఉంటుంది. నేనైతే ఇదే వాడమంటాను.

షేర్డ్ స్టోరేజ్ అయితే ఇంకో పద్ధతి ఉంది, స్కజీ పర్సిస్టెంట్ రిజర్వేషన్. సర్వర్‌ని చంపకుండా లన్ మీద దాని రిజిస్ట్రేషన్ కీని తీసేస్తారు, ఆ తర్వాత అది రాయబోతే స్టోరేజే తిప్పికొడుతుంది. మల్టీపాత్ (ఒకే డిస్కుకి ఒకటికి మించి దారులు) ఉంటే ప్రతి దారిలోనూ కీ రిజిస్టర్ అయ్యేలా చూసుకోవాలి.

డీఆర్‌బీడీకి కూడా ఫెన్సింగ్ చెప్పాలి

ఇది మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. డీఆర్‌బీడీ కాన్ఫిగరేషన్‌లో ఫెన్సింగ్‌ని 'రిసోర్స్ అండ్ స్టోనిత్' అని పెట్టి, ఫెన్స్ పీర్ హ్యాండ్లర్‌గా దానితోపాటే వచ్చే సీఆర్‌ఎం ఫెన్స్ పీర్ స్క్రిప్ట్‌నీ, సింక్ పూర్తయ్యాక తీసేయడానికి అన్‌ఫెన్స్ స్క్రిప్ట్‌నీ పెట్టండి.

ఏం జరుగుతుందో ఒక కేసు చూడండి. రెప్లికేషన్ కేబుల్ మాత్రమే తెగింది, హార్ట్‌బీట్ రెండో దారిలో బాగానే ఉంది. ప్రైమరీ ఒక్క క్షణం ఐఓ ఆపి హ్యాండ్లర్‌ని పిలుస్తుంది. హ్యాండ్లర్ వెళ్ళి "నోడ్ 2ని ప్రమోట్ చేయకూడదు" (ప్రైమరీగా మార్చకూడదు) అని పేస్‌మేకర్‌లో ఒక కన్‌స్ట్రెయింట్, అంటే షరతు, రాస్తుంది. ఆ తర్వాతే ఐఓ మళ్ళీ కదులుతుంది. ఇప్పటి నుంచి నోడ్ 2 కాపీ పాతది. గంట తర్వాత నోడ్ 1 పడిపోయిందనుకోండి, నోడ్ 2 ప్రమోట్ కానంటే కాదు, సర్వీస్ డౌన్. గంట పాత డేటాతో లేచి కొత్త ఆర్డర్లు తీసుకోవడం కంటే డౌన్‌లో ఉండటమే నయం. ఇంతకీ దీని అసలు సారం ఏమిటంటే రెప్లికేషన్ తెగితే అలర్ట్ వచ్చి తీరాలి. సర్వీస్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు, క్లస్టర్ ఒంటికాలి మీద నెలలు గడిపేస్తుంది.

రిసోర్సుల వరుస

పేస్‌మేకర్‌లో డీఆర్‌బీడీని ప్రమోటబుల్ క్లోన్‌గా పెడతాం, రెండుచోట్లా నడుస్తుంది, ఒక్కచోటే ప్రమోట్ అవుతుంది. ఫైల్‌సిస్టమ్, వర్చువల్ ఐపీ, పోస్ట్‌గ్రెస్ మూడింటినీ ఒక గ్రూప్‌లో ఇదే వరుసలో పెట్టండి. ఆపేటప్పుడు దానంతట అదే తిరగేసి ఆపుతుంది. తర్వాత రెండు కన్‌స్ట్రెయింట్లు: గ్రూప్ ఎప్పుడూ డీఆర్‌బీడీ ప్రమోట్ అయిన నోడ్‌తోనే ఉండాలి, ప్రమోట్ అయ్యాకే గ్రూప్ స్టార్ట్ కావాలి. రెండింట్లోనూ 'ప్రమోట్' అన్న సంగతి స్పష్టంగా రాయాలి. రాయకపోతే డీఆర్‌బీడీ స్టార్ట్ అయితే చాలనుకుని సెకండరీ మీద మౌంట్ చేయబోతుంది, అప్పుడు 'రాంగ్ మీడియం టైప్' అనే విచిత్రమైన ఎర్రర్ కనిపిస్తుంది. ఆ ఎర్రర్ చూసి డిస్కు పాడైందని వెతకొద్దు, కన్‌స్ట్రెయింట్ చూడండి.

రిసోర్స్ స్టిక్కీనెస్ (ఉన్నచోటే ఉండిపోయే మొగ్గు) 100 పెట్టండి. లేకపోతే పడిపోయిన నోడ్ తిరిగి లేవగానే సర్వీస్ మళ్ళీ దాని దగ్గరికి దూకే అవకాశం ఉంది, ఒక డౌన్‌టైమ్‌కి ఇంకో డౌన్‌టైమ్ ఉచితం.

టైమౌట్ల విషయంలో పిసినారితనం వద్దు. ఆపరేషన్ టైమౌట్ డిఫాల్ట్ 20 సెకన్లు, బిజీగా ఉన్న డేటాబేస్ ఆగడానికి అది చాలదు. స్టాప్ ఫెయిలైతే ఏం జరుగుతుందో తెలుసా? ఆ నోడ్ ఫెన్స్ అవుతుంది. ఫైల్‌సిస్టమ్ అన్‌మౌంట్ కాలేదంటే ఇంకా ఎవరో వాడుతున్నట్టే, కాబట్టి అవతల మౌంట్ చేయడానికి వీల్లేదు, కాబట్టి చంపడమే. అడ్మిన్ ఎవరో ఆ డైరెక్టరీలోకి వెళ్ళి షెల్ అలాగే వదిలేసి భోజనానికి వెళ్తే ఫైల్‌సిస్టమ్ ఏజెంట్ ఆ షెల్‌ని చంపి అన్‌మౌంట్ చేసుకుంటుంది. కానీ కర్నెల్ ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌పోర్ట్ లాంటిది పట్టుకుని ఉంటే చంపడానికి ప్రాసెస్ ఏదీ ఉండదు, స్టాప్ టైమౌట్ అవుతుంది, మామూలు మెయింటెనెన్స్ మార్పిడి కాస్తా ఫెన్సింగ్‌గా మారుతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ ఉంటే దాన్ని కూడా క్లస్టర్ రిసోర్స్‌గానే పెట్టాలి.

ఫైల్‌సిస్టమ్ మానిటర్ మామూలుగా మౌంట్ అయి ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. కింద డిస్కు చచ్చి ఊరుకున్నా మౌంట్ లిస్టులో పేరు ఉంటుంది. ఓసీఎఫ్ చెక్ లెవెల్‌ని 20 చేస్తే ఒక ఫైల్ నిజంగా రాసి చూస్తుంది.

ఇప్పుడు నోడ్ 1 పడిపోయింది

కర్నెల్ ప్యానిక్ అనుకుందాం. మొదటి 3 సెకన్లు ఏమీ జరగదు, టోకెన్ గడువు నడుస్తుంటుంది. ఆ తర్వాత కోరోసింక్ కొత్త మెంబర్‌షిప్ తేల్చుకోవడానికి ఇంకో 3.6 సెకన్ల దాకా పడుతుంది, కన్సెన్సస్ అనే ఈ గడువు డిఫాల్ట్‌గా టోకెన్‌కి 1.2 రెట్లు. నోడ్ 2 పేస్‌మేకర్ నోడ్ 1ని 'అన్‌క్లీన్' అని గుర్తు పెట్టి ఫెన్సింగ్ మొదలుపెడుతుంది. ఐపీఎంఐ చిప్ బద్ధకాన్ని బట్టి కొన్ని సెకన్లు. ఈ మొత్తంలో డిస్కుని ఎవరూ ముట్టుకోరు.

"ఆఫ్ అయింది" అన్న జవాబు రాగానే డీఆర్‌బీడీ ప్రమోట్, ఇది క్షణం. మౌంట్ చేసేటప్పుడు ఫైల్‌సిస్టమ్ తన జర్నల్ తిరిగి చదువుకుంటుంది, ఎందుకంటే నోడ్ 2 దృష్టిలో ఇది హఠాత్తుగా కరెంటు పోయిన డిస్కు లాంటిదే. ఆ తర్వాత ఐపీ లేస్తుంది, స్విచ్‌లకీ పక్క మెషీన్లకీ కొత్త అడ్రస్ తెలియడానికి గ్రాట్యుటస్ ఆర్ప్ ప్యాకెట్లు వెళ్తాయి. చివరికి పోస్ట్‌గ్రెస్ లేచి వాల్‌ని (మార్పుల్ని ముందుగా రాసుకునే లాగ్‌ని) చివరి చెక్‌పాయింట్ నుంచి రీప్లే చేస్తుంది. ఎక్కువ సమయం తినేది తరచుగా ఇదే. చెక్‌పాయింట్ టైమౌట్ డిఫాల్ట్ 5 నిమిషాలు, అంత పని తిరిగి చేయాల్సి రావచ్చు. క్లస్టర్ ఎంత ట్యూన్ చేసినా ఇది తగ్గదు, చెక్‌పాయింట్ సెట్టింగ్‌లే చూడాలి.

క్లయింట్ల సంగతి వేరే. పాత కనెక్షన్లన్నీ పోయినట్టే. క్లయింట్ ఏదైనా పంపితే కొత్త నోడ్ "నువ్వెవరు" అని రీసెట్ కొడుతుంది, వెంటనే మళ్ళీ కనెక్ట్ అవుతుంది. కానీ క్వెరీ పంపేసి జవాబు కోసం ఊరికే ఎదురుచూస్తున్న కనెక్షన్‌కి ఏమీ తెలియదు. లినక్స్‌లో టీసీపీ కీప్‌అలైవ్ మొదటిసారి తట్టేది డిఫాల్ట్‌గా 7200 సెకన్ల తర్వాత, అంటే 2 గంటలు. ఫెయిలోవర్ అరనిమిషంలో అయిపోయినా అప్లికేషన్ హ్యాంగ్ అయిందని ఫోన్లు వస్తాయి, టెన్షన్‌లో అందరూ క్లస్టర్‌నే తిడతారు. క్లయింట్ల వైపు, కనెక్షన్ పూల్‌లో కీప్‌అలైవ్‌ని తగ్గించండి.

స్ప్లిట్ బ్రెయిన్ వచ్చేస్తే

కర్నెల్ లాగ్‌లో స్ప్లిట్ బ్రెయిన్ డిటెక్టెడ్ అని పడి, కనెక్షన్ 'స్టాండ్‌అలోన్'గా మారిందంటే రెండువైపులా వేర్వేరు రైట్స్ జరిగాయని అర్థం. డీఆర్‌బీడీ వాటిని కలపలేదు, ఎవరివల్లా కాదు, అది బ్లాకుల స్థాయిలో పని చేస్తుంది. ఒక కాపీని వదులుకోవాలి. ఏదన్నది మీరే తేల్చాలి, తొందరపడకండి. వదులుకునే వైపు ముందు ఎల్‌వీఎమ్ స్నాప్‌షాట్ తీసి పెట్టుకుంటే అందులో మిగిలిపోయిన రికార్డుల్ని తర్వాత చేత్తో ఏరుకోవచ్చు. ఆ వైపు డిస్‌కనెక్ట్ చేసి, సెకండరీ చేసి, 'డిస్కార్డ్ మై డేటా' ఆప్షన్‌తో కనెక్ట్ చేయండి. ఉంచుకునే వైపు కూడా స్టాండ్‌అలోన్‌లో ఉంటే మామూలుగా కనెక్ట్ చేయండి. ఈ ఆప్షన్ పేరు మరోసారి చదవండి: కమాండ్ ఏ మెషీన్ మీద కొడితే ఆ మెషీన్ డేటానే పోతుంది.

దీన్ని ఆటోమేటిక్‌గా తేల్చే పాలసీలు కూడా ఉన్నాయి. ఒకవైపు అసలు మార్పులే లేకపోతే ఆ వైపుని వదిలేయమనేది పెట్టుకోవచ్చు, నష్టం లేదు. అంతకు మించి ఆటోమేటిక్‌గా వద్దు.

టెస్ట్ చేయకుండా లైవ్‌లో పెట్టొద్దు

స్టాండ్‌బై కమాండ్‌తో సర్వీస్ అటు వెళ్ళింది, ఇటు వచ్చింది, కాబట్టి ఫెయిలోవర్ పనిచేస్తోంది అనుకుంటారు. అది మర్యాదగా జరిగిన మార్పిడి, ఫెన్సింగ్ గానీ జర్నల్ గానీ అసలు పనిలోకే రాలేదు.

ముందు చిన్న స్క్రిప్ట్ ఒకటి పెట్టుకోండి: వర్చువల్ ఐపీకి కనెక్ట్ అయి సెకనుకోసారి ఒక టేబుల్‌లో వరుస నంబర్ వేసి కమిట్ చేయాలి, కమిట్ అయిందని జవాబొచ్చిన నంబర్‌నీ సమయాన్నీ తన దగ్గరి ఫైల్‌లో రాసుకోవాలి. ఫెయిలోవర్ అయ్యాక ఫైల్‌లో ఉన్న ప్రతి నంబరూ టేబుల్‌లో ఉండాలి. ఒక్కటి తగ్గినా ప్రోటోకాల్ చూడండి, బ్యాటరీ లేకుండా రైట్ క్యాష్ ఆన్ చేసిన రెయిడ్ కార్డు ఉందేమో చూడండి. సమయాల మధ్య ఖాళీయే మీ అసలు డౌన్‌టైమ్.

ఇది నడుస్తుండగా ఒక్కొక్కటీ చేయండి. సిస్ఆర్‌క్యూ ట్రిగ్గర్‌తో కర్నెల్‌ని క్రాష్ చేయండి. ఫైర్‌వాల్‌తో కోరోసింక్ పోర్ట్‌లని (కోరోసింక్ 3లో డిఫాల్ట్‌గా మొదటి లింక్‌కి 5405, రెండోదానికి 5406) రెండువైపులా, రెండు లింక్‌ల మీదా ఆపేయండి, ఒక్క నోడే బతకాలి. దీనికోసం ఇంటర్‌ఫేస్‌ని డౌన్ చేసే పద్ధతి వద్దు, పాత కోరోసింక్ దానికి వింతగా ప్రవర్తిస్తుంది, పైగా నిజంగా కేబుల్ ఊడినట్టు అది ఉండదు. రెప్లికేషన్ కేబుల్ ఒక్కటే పీకి, అలర్ట్ మీ ఫోన్‌కి వచ్చిందో లేదో చూడండి. ఆఖరున పవర్ కేబుళ్ళు రెండూ ఒకేసారి పీకండి, ఐపీఎంఐ పోయినప్పుడు రెండో ఫెన్స్ పట్టుకుంటుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ప్రతి టెస్ట్ తర్వాత చచ్చిన నోడ్‌ని లేపి, రీసింక్ పూర్తయ్యేదాకా ఆగండి. బిట్‌మ్యాప్ ఉంది కాబట్టి మారిన బ్లాకులు మాత్రమే వస్తాయి, మొదటిసారంత సమయం పట్టదు. కానీ అవి వస్తున్నంతసేపూ ఆ నోడ్ ఇన్‌కన్సిస్టెంట్, సగం పాత సగం కొత్త, ఆ సమయంలో రెండోది పడిపోతే వాడుకోదగ్గ కాపీ ఒక్కటీ ఉండదు. రీసింక్‌కి ముందు దానంతట అదే ఎల్‌వీఎమ్ స్నాప్‌షాట్ తీసే హ్యాండ్లర్ డీఆర్‌బీడీలోనే ఉంది, దాన్ని ఆన్ చేసి వాల్యూమ్ గ్రూప్‌లో అందుకు సరిపడా ఖాళీ వదలండి. రెండువైపులా అప్‌టుడేట్ అని కనిపించి, హ్యాండ్లర్ రాసిన కన్‌స్ట్రెయింట్ లిస్టులో నుంచి పోయిందని చూసుకున్నాకే తర్వాతి కేబుల్ మీద చెయ్యి వేయండి.